టీసీపీడంప్‌కు కనిపించే మల్టీకాస్ట్ ప్యాకెట్లు మన స్క్రిప్టుకు ఎందుకు అందవు

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది. కేబుల్ టీవీ కంట్రోల్ రూమ్‌లో ఉన్న ఒక లినక్స్ సర్వరుకు రెండు నెట్‌వర్క్ కార్డులున్నాయి. మొదటిది 192.168.1.20 చిరునామాతో ఇంటర్నెట్ వైపు ఉంది, డిఫాల్ట్ గేట్‌వే కూడా అటే ఉంది. రెండోది 10.20.0.5 చిరునామాతో వీడియో వీల్యాన్‌లో (వీడియో కోసం వేరుచేసిన స్థానిక నెట్‌వర్క్‌లో) ఉంది. అదే వీల్యాన్‌లో 172.16.5.11 చిరునామా గల ఎన్‌కోడర్ (వీడియోను డిజిటల్ ప్యాకెట్లుగా మార్చే పరికరం) ఒక ఛానల్‌ను మల్టీకాస్ట్‌లో, అంటే ఒకే ప్రసారం కోరినవారందరికీ అందే పద్ధతిలో, 239.10.10.5 గ్రూపుకు, 5000 పోర్టుకు పంపుతోంది. ఆ ఛానల్ ఆగిపోతే వెంటనే తెలిసేలా మీరు పదిహేను వరుసల పైథాన్ స్క్రిప్టు రాసుకున్నారు. స్క్రిప్టు నడుస్తుంది, ఎర్రర్ ఏదీ చూపదు, కానీ ప్యాకెట్ కోసం ఎదురుచూసే రెక్వ్‌ఫ్రమ్ పిలుపు దగ్గర ఆగిపోయి ఒక్క ప్యాకెట్ కూడా అందుకోదు. అదే సమయంలో రెండో కార్డు మీద, తీగ మీది ప్యాకెట్లను చూపే టీసీపీడంప్ పెడితే ప్యాకెట్లు ధారగా కనిపిస్తాయి. అవి సర్వరు దాకా వస్తున్నప్పుడు స్క్రిప్టు దాకా ఎందుకు రావు అన్నది మీ సందేహం.

ముందుగా సమాధానం చెప్పి, తరువాత వివరంలోకి వెళతాను. మీ స్క్రిప్టు గ్రూపులో చేరింది, కానీ మొదటి కార్డు మీద చేరింది. ప్యాకెట్లు వస్తున్నది రెండో కార్డు మీద. మల్టీకాస్ట్‌లో చేరడం అంటే ఊరికే చెవి ఒగ్గి వినడం కాదు, ఫలానా కార్డు ద్వారా ఫలానా గ్రూపు డేటా నాకు కావాలని చేసే విన్నపం. ఏ కార్డు అన్నది మీరు చెప్పకపోతే లినక్స్ కేంద్రభాగమైన కెర్నెల్ తనకు తోచిన కార్డును ఎంచుకుంటుంది. నేను ఇన్నేళ్లలో చూసిన మల్టీకాస్ట్ ఫిర్యాదుల్లో ఎక్కువ భాగం ఈ ఒక్క విషయం దగ్గరే తేలాయి.

యూనికాస్ట్ (ఒక్కరికే పంపే) యూడీపీ ప్రోగ్రాములు రాసి అలవాటైనవారికి సాకెట్‌ను, అంటే ప్రోగ్రాము నెట్‌వర్క్‌తో మాట్లాడే ద్వారాన్ని, ఒక చిరునామాకూ పోర్టుకూ బైండ్ చేస్తే (కట్టేస్తే) చాలుననిపిస్తుంది. అక్కడ ప్యాకెట్ మీద మన చిరునామాయే ఉంటుంది కనుక అది నిజమే. మల్టీకాస్ట్‌లో బైండ్, చేరిక అనేవి పూర్తిగా వేర్వేరు పనులు. బైండ్ అనేది కెర్నెల్ లోపలి వ్యవహారం. అప్పటికే లోపలికి వచ్చిన ప్యాకెట్లలో ఏవి ఈ సాకెట్‌కు ఇవ్వాలో అది నిర్ణయిస్తుంది. చేరిక మాత్రం బయటి ప్రపంచంతో జరిగే వ్యవహారం. దానివల్ల మూడు జరుగుతాయి. నెట్‌వర్క్ కార్డు ఆ గ్రూపుకు చెందిన హార్డ్‌వేర్ చిరునామాను తన వడపోత పట్టికలో చేర్చుకుంటుంది. కెర్నెల్ ఆ కార్డు మీద వచ్చే ఆ గ్రూపు ప్యాకెట్లను తనవిగా అంగీకరించడం మొదలుపెడుతుంది. ఐజీఎంపీ అనే ప్రోటోకాల్‌లో ఒక సభ్యత్వ నివేదిక ఆ కార్డు ద్వారానే బయటికి వెళ్లి, స్విచ్చుకూ రూటరుకూ ఇక్కడ ఒక గ్రాహకుడు ఉన్నాడని తెలియజేస్తుంది. స్టీవ్ డీరింగ్ రాసిన, 1989లో వెలువడిన ఆర్‌ఎఫ్‌సీ 1112 అనే ఇంటర్నెట్ ప్రమాణపత్రం నుంచి ఈ ఏర్పాటు ఇలాగే ఉంది. 1997లో ఐజీఎంపీ రెండో సంచికా 2002లో మూడో సంచికా వచ్చినప్పుడు నివేదికల రూపం మారింది గానీ, చేరిక ఒక నిర్దిష్టమైన కార్డుకు కట్టుబడి ఉంటుందన్న మూలసూత్రం మారలేదు.

ఇక టీసీపీడంప్ ఎందుకు చూడగలిగిందంటే, అది కార్డును ప్రామిస్క్యూయస్ స్థితిలో పెడుతుంది. అప్పుడు కార్డు తన వడపోతను పక్కనపెట్టి తీగ మీద వచ్చిన ప్రతి ఫ్రేమునూ పైకి పంపుతుంది, టీసీపీడంప్ దాన్ని ఐపీ పొర కన్నా ముందే అందుకుంటుంది. మీ స్విచ్చులో ఐజీఎంపీ స్నూపింగ్ (ఎవరు అడిగారో గమనించి వారికే పంపే ఏర్పాటు) ఆపి ఉంటే అది మల్టీకాస్ట్‌ను అన్ని పోర్టులకూ కుమ్మరిస్తుంది కనుక, ఎవరూ అడగకపోయినా ప్యాకెట్లు మీ తీగ మీదికి వస్తాయి. కాబట్టి టీసీపీడంప్‌లో కనిపించడం అన్నది ప్యాకెట్ తీగ మీద ఉందనడానికే సాక్ష్యం. కెర్నెల్ దాన్ని స్వీకరించిందనడానికి సాక్ష్యం కాదు. ఈసారి పరీక్షించేటప్పుడు చిన్న పీ అక్షరపు ఆప్షన్ ఇచ్చి ప్రామిస్క్యూయస్ స్థితి లేకుండా నడపండి. స్క్రిప్టు నడుస్తుండగా అలా చూసినా ప్యాకెట్లు కనిపిస్తేనే కార్డు వడపోత తెరుచుకున్నట్టు ఒక ఆధారం దొరుకుతుంది.

ఇప్పుడు స్క్రిప్టు ఎలా ఉండాలో వరుసక్రమంలో చెబుతాను. ముందు ఏఎఫ్ ఐనెట్, సాక్ డీగ్రామ్ రకాలతో మామూలు యూడీపీ సాకెట్ తెరవండి. బైండ్ చేయకముందే సెట్‌సాక్‌ఆప్ట్‌తో ఎస్‌ఓ రీయూజ్‌యాడర్‌ను 1 చేయండి. దీనివల్ల అదే గ్రూపును అదే సర్వరులో ఇంకో ప్రోగ్రాము కూడా వింటున్నా గొడవ రాదు, లినక్స్‌లో ఇద్దరికీ చెరొక ప్రతి అందుతుంది. మ్యాక్ కంప్యూటర్లలో ఇదే పనికి ఎస్‌ఓ రీయూజ్‌పోర్ట్ కావాలి. తరువాత బైండ్‌లో చిరునామాగా 239.10.10.5నే, పోర్టుగా 5000 ఇవ్వండి. చాలామంది చిరునామా దగ్గర ఖాళీ స్ట్రింగ్ ఇస్తారు. లినక్స్‌లో అది నడుస్తుంది గానీ ఒక చిక్కు తెస్తుంది, దాన్ని కిందికి వచ్చాక చెబుతాను. విండోస్‌లో మాత్రం గ్రూపు చిరునామాకు బైండ్ చేయడం కుదరదు, 10049 నంబరు ఎర్రర్ వస్తుంది. అక్కడ ఖాళీ స్ట్రింగే ఇవ్వాలి.

ఆ తరువాతి వరుసే అసలు వరుస. ఐపీ యాడ్ మెంబర్‌షిప్ అనే ఆప్షన్‌కు ఎనిమిది బైట్ల విలువ ఇవ్వాలి. మొదటి నాలుగు బైట్లు గ్రూపు చిరునామా, తరువాతి నాలుగు బైట్లు మన కార్డు చిరునామా. రెండింటినీ ఐనెట్ ఏటాన్ ఫంక్షన్‌తో బైట్లుగా మార్చి ఒకదాని పక్కన ఒకటి కలిపితే సరిపోతుంది, స్ట్రక్ట్ మాడ్యూలు అవసరమే లేదు. మీ విషయంలో రెండో భాగంలో 10.20.0.5 రావాలి. మీరు పంపిన స్క్రిప్టులో అక్కడ ఐనాడర్ ఎనీ, అంటే 0.0.0.0 ఉంది. దాని అర్థం ‘అన్ని కార్డులూ’ అని చాలామంది అనుకుంటారు, పేరు కూడా అలాంటి భ్రమే కలిగిస్తుంది. బైండ్‌లో దాని అర్థం అదే. చేరికలో మాత్రం దాని అర్థం ‘ఏదో ఒక కార్డు నువ్వే ఎంచుకో’ అని. కెర్నెల్ అప్పుడు రూటింగ్ పట్టికలో 239.10.10.5కు దారి వెతుకుతుంది. ప్రత్యేకమైన రూటు ఏదీ లేదు కనుక డిఫాల్ట్ రూటు పట్టుకుని, ఇంటర్నెట్ వైపు ఉన్న మొదటి కార్డు మీద మిమ్మల్ని చేర్చింది. మీ సభ్యత్వ నివేదిక ఇంటర్నెట్ రూటరుకు వెళ్లింది, దానికి మీ ఛానల్ సంగతి తెలియదు. అంతా నియమం ప్రకారమే జరిగింది కనుక ఎర్రర్ రాలేదు. డిఫాల్ట్ రూటు కూడా లేని సర్వరులో ఇదే స్క్రిప్టు నడిపితే ‘అలాంటి పరికరం లేదు’ అన్న ఎర్రర్ వచ్చేది. అప్పుడైతే మీకు కారణం ముందే దొరికి ఉండేది.

మీ స్క్రిప్టులో ఉన్న మరో లోపాన్ని ఇక్కడే ప్రస్తావించాలి, ఎందుకంటే ఇంటర్నెట్‌లో దొరికే ఎన్నో నమూనాల్లో ఇది ఉంది, నేనూ ఒకప్పుడు దీనివల్ల ఒక పూట పోగొట్టుకున్నాను. మీరు ఎనిమిది బైట్లను స్ట్రక్ట్ ప్యాక్‌తో ‘4ఎస్ఎల్’ అనే ఫార్మాట్‌లో కట్టారు. 64 బిట్ల లినక్స్‌లో ఎల్ అంటే ఎనిమిది బైట్లు. దాన్ని సరైన హద్దులో కూర్చోబెట్టడానికి మధ్యలో నాలుగు ఖాళీ బైట్లు కూడా చేరతాయి. మొత్తం పదహారు బైట్లవుతాయి. కెర్నెల్‌కు పన్నెండు లేదా అంతకన్నా ఎక్కువ బైట్లు అందితే వాటిని వేరే నిర్మాణంగా చదువుతుంది. అందులో గ్రూపు తరువాత కార్డు చిరునామా, ఆపైన కార్డు క్రమసంఖ్య ఉంటాయి. మీరిచ్చిన విలువ సున్నా కనుక అన్నీ సున్నాలుగానే చదవబడి, అదృష్టవశాత్తు పని జరిగినట్టు కనిపిస్తుంది. ఆ సున్నా స్థానంలో నిజమైన కార్డు చిరునామాను సంఖ్యగా పెట్టిన మరుక్షణం అది క్రమసంఖ్య ఉండవలసిన చోట పడి, చేరిక విఫలమవుతుంది. కాబట్టి ఆ ఫార్మాట్‌ను పూర్తిగా వదిలేసి, రెండు ఐనెట్ ఏటాన్ ఫలితాలను కలపండి.

చివరగా సెట్‌టైమౌట్‌తో రెండు సెకన్ల గడువు పెట్టి, వలయంలో రెక్వ్‌ఫ్రమ్ పిలవండి. గడువు దాటితే ఛానల్ ఆగిందని నమోదు చేయండి. గడువు పెట్టకపోతే మీ స్క్రిప్టు దేనికోసం పుట్టిందో ఆ పనే చేయలేదు, ఎందుకంటే ప్యాకెట్లు ఆగిన రోజు అది కూడా మౌనంగా ఆగి ఉంటుంది. రెక్వ్‌ఫ్రమ్‌కు ఇచ్చే పరిమాణం 2048 చాలు. పరిమాణం తక్కువైతే లినక్స్ మిగిలిన బైట్లను చెప్పకుండా పారేస్తుందన్నది గుర్తుంచుకోండి.

చేరిక సరిగా జరిగిందో లేదో స్క్రిప్టు నడుస్తుండగానే తెలుసుకోవచ్చు. ఐపీ ఎమ్‌యాడర్ షో అనే ఆదేశం ఇస్తే కార్డుల వారీగా గ్రూపుల జాబితా వస్తుంది. 239.10.10.5 అన్నది వీడియో కార్డు కింద కనిపించాలి. ఇంటర్నెట్ కార్డు కింద కనిపిస్తే ఇంతవరకు చెప్పిన కథంతా మీ కళ్లముందే ఉన్నట్టు.

ఈ మార్పు చేశాక కూడా మీకు ప్యాకెట్లు అందకపోవచ్చునని నా అనుమానం, దానికి కారణం మీ ఎన్‌కోడర్ చిరునామా. అది 172.16.5.11, మీ వీడియో కార్డు ఉన్నది 10.20.0.0 సబ్‌నెట్‌లో. ఒకే వీల్యాన్‌లో ఉన్నందువల్ల మల్టీకాస్ట్ ఫ్రేములు నేరుగా చేరతాయి. హెడ్‌ఎండ్‌లలో (కేబుల్ ప్రసార కేంద్రాల్లో) ఎన్‌కోడర్లను ఒక్కొక్కరు ఒక్కో కాలంలో అమర్చడం వల్ల ఇలాంటి చిరునామాల కలగలుపు సాధారణమే. అయితే లినక్స్‌లో రివర్స్ పాత్ ఫిల్టర్ అనే తనిఖీ ఉంది. ఒక ప్యాకెట్ ఏ కార్డు మీద వచ్చిందో, దాన్ని పంపినవారికి తిరిగి జవాబివ్వడానికి కూడా అదే కార్డు దారిగా ఉండాలని కఠిన స్థితిలో అది పట్టుబడుతుంది. మీ రూటింగ్ పట్టికలో 172.16.5.11కు వెళ్లే దారి డిఫాల్ట్ గేట్‌వే, అంటే ఇంటర్నెట్ కార్డు. ప్యాకెట్ వచ్చింది వీడియో కార్డు మీద. రెండూ పొసగలేదు కనుక కెర్నెల్ దాన్ని నకిలీగా భావించి నిశ్శబ్దంగా పారేస్తుంది. టీసీపీడంప్‌కు మాత్రం అది కనిపిస్తూనే ఉంటుంది, ఐపీ ఎమ్‌యాడర్ జాబితా కూడా సరిగానే ఉంటుంది. తలపండినవారు కూడా ఇక్కడ తికమక పడడం చూశాను.

ఈ తనిఖీని నియంత్రించే ఆర్‌పీ ఫిల్టర్ విలువ 0 అయితే తనిఖీ లేదు, 1 అయితే కఠినం, 2 అయితే సడలించిన స్థితి. కార్డుకు విడిగా ఒక విలువ, ‘ఆల్’ పేరుతో అందరికీ కలిపి ఒక విలువ ఉంటాయి. రెండింటిలో పెద్దదే అమలవుతుంది. అందువల్ల కార్డు విలువను 0 చేసి, ఆల్ విలువను 1గానే వదిలేస్తే ఏ ప్రయోజనమూ లేదు. నా సలహా ఏమిటంటే తనిఖీని తీసేయకండి. 172.16.5.0 సబ్‌నెట్‌కు వీడియో కార్డు ద్వారా ఒక రూటు రాయండి. అప్పుడు కఠిన స్థితిలో కూడా ప్యాకెట్ నెగ్గుతుంది, సర్వరు భద్రత కూడా తగ్గదు. ఎన్‌కోడర్ల చిరునామాలు మరీ చెల్లాచెదురుగా ఉంటే ఆ కార్డుకు 2 పెట్టండి. కారణం ఇదేనని నిర్ధారించుకోవడానికి లాగ్ మార్షియన్స్ అనే అమరికను 1 చేస్తే, పారేసిన ప్యాకెట్ల వివరాలు కొన్నిసార్లు కెర్నెల్ లాగ్‌లో పడతాయి.

ఫైర్‌వాల్ గురించి ఒక్క మాట చాలు. 5000 పోర్టుకు యూడీపీని అనుమతించడంతో పని ముగియదు. ఐజీఎంపీ అనేది యూడీపీ కాదు, తనకంటూ ప్రోటోకాల్ సంఖ్య 2 ఉన్న వేరే ప్రోటోకాల్. దాన్నీ అనుమతించాలి.

ఇప్పుడు మీరు అడగని, కానీ రేపు తప్పకుండా ఎదురయ్యే ఒక సమస్య గురించి కాస్త విపులంగా చెప్పాలి. స్నూపింగ్ ఆపి ఉంటే మీ స్విచ్చు మల్టీకాస్ట్‌ను అన్ని పోర్టులకూ కుమ్మరిస్తుందని పైన అన్నాను. ఛానళ్లు పెరిగితే అది నిలవదు. యాభై ఛానళ్లు, ఒక్కొక్కటి 8 మెగాబిట్లు అనుకుంటే ప్రతి పోర్టు మీదా 400 మెగాబిట్ల అనవసరపు భారం పడుతుంది. అప్పుడు ఎవరో ఒకరు స్నూపింగ్‌ను ఆన్ చేస్తారు. స్నూపింగ్ ఉన్న స్విచ్చు సభ్యత్వ నివేదికలను గమనించి, అడిగిన పోర్టుకే డేటా పంపుతుంది. కానీ ఆ నివేదికలు కాలానుగుణంగా మళ్లీ మళ్లీ రావాలి. అవి మళ్లీ రావాలంటే ‘ఈ గ్రూపులు ఇంకా ఎవరికైనా కావాలా’ అని 224.0.0.1కు ప్రశ్న పంపేవారు ఒకరుండాలి. వారినే క్వెరియర్ అంటారు. మామూలుగా మల్టీకాస్ట్ రూటరు ఆ పని చేస్తుంది. రూటరు లేని ఒంటరి వీల్యాన్‌లో అడిగేవారే ఉండరు.

అప్పుడేం జరుగుతుందంటే, స్క్రిప్టు మొదలుపెట్టగానే నివేదిక వెళ్తుంది, ప్యాకెట్లు చక్కగా వస్తాయి, నాలుగు నిమిషాల ఇరవై సెకన్ల తరువాత ఆగిపోతాయి. ఆ 260 సెకన్లు ఎక్కడి నుంచి వచ్చాయంటే, ప్రామాణిక విలువల ప్రకారం ప్రశ్నల మధ్య విరామం 125 సెకన్లు, దానికి రెండింతలు 250, జవాబుకు గడువు ఇంకో 10. అంతలో మళ్లీ నివేదిక రాకపోతే స్విచ్చు సభ్యత్వాన్ని కొట్టేస్తుంది. కొన్నేళ్ల కిందట ఒక కేబుల్ నెట్‌వర్క్‌లో ఇదే జరిగింది. స్క్రిప్టును తిరిగి మొదలుపెడితే బాగుపడుతోంది కదా అని అక్కడివారు ప్రతి నాలుగు నిమిషాలకూ దాన్ని ఆపి మొదలుపెట్టే ఏర్పాటు చేసుకుని, దాంతోనే నెలలు నెట్టుకొచ్చారు. నేను వెళ్లి చూసి స్విచ్చులో ఆ వీల్యాన్‌కు స్నూపింగ్ క్వెరియర్‌ను ఆన్ చేశాను, అంతటితో సరిపోయింది. కాబట్టి మీ పరీక్ష ఎప్పుడూ ఐదు నిమిషాలకు తక్కువ కాకూడదు. ఒక నిమిషం చూసి పనిచేస్తోందని తేల్చేయడం మల్టీకాస్ట్‌లో ప్రమాదకరం.

పైన వాయిదా వేసిన చిక్కు సంగతి ఇది. లినక్స్‌లో ఖాళీ చిరునామాకు బైండ్ చేసిన సాకెట్‌కు, తాను చేరిన గ్రూపు ప్యాకెట్లే కాకుండా అదే సర్వరులో ఇంకే ప్రోగ్రాము చేరిన గ్రూపు ప్యాకెట్లయినా, పోర్టు ఒకటే అయితే, వచ్చేస్తాయి. హెడ్‌ఎండ్‌లలో అన్ని ఛానళ్లకూ ఒకే పోర్టు వాడి గ్రూపులను మాత్రమే మార్చడం అలవాటు కనుక ఇది నిజంగా దెబ్బతీస్తుంది. ఒక ఛానల్ ఆగిపోయినా పక్క ఛానల్ ప్యాకెట్లు వస్తుంటాయి, మీ స్క్రిప్టు అంతా క్షేమమని చెబుతూనే ఉంటుంది. గ్రూపు చిరునామాకే బైండ్ చేయమన్నది అందుకే. ఒక్కో ఛానల్‌కు ఒక్కో సాకెట్ పెట్టుకోండి. ఒకే సాకెట్‌తో చాలా గ్రూపులు చేరాలని చూస్తే ఇరవై దగ్గర కెర్నెల్ పరిమితి అడ్డు వస్తుంది. దాన్ని పెంచుకోవచ్చు గానీ, మీ పనికి విడి సాకెట్లే మేలు.

గ్రూపు చిరునామాలను మీరే కేటాయిస్తున్నట్టయితే ఒక జాగ్రత్త. 239తో మొదలయ్యే శ్రేణి సంస్థల లోపలి వాడకానికే ఉద్దేశించినది, మీరు సరైనదే ఎంచుకున్నారు. అయితే ఈథర్నెట్ హార్డ్‌వేర్ చిరునామాలోకి గ్రూపు చిరునామాలోని చివరి 23 బిట్లు మాత్రమే వెళ్తాయి కనుక ముప్పై రెండు గ్రూపులు ఒకే హార్డ్‌వేర్ చిరునామాను పంచుకుంటాయి. ఉదాహరణకు 239.10.10.5, 239.138.10.5 కార్డు దృష్టిలో ఒకటే. రెండో భాగాన్ని ఎప్పుడూ 128 లోపే ఉంచితే, 239 శ్రేణి లోపల ఈ తగాదా రాదు. అలాగే 239.0.0, 239.128.0తో మొదలయ్యేవాటిని వాడకండి. అవి 224.0.0 శ్రేణిలోని నియంత్రణ గ్రూపులతో కలిసిపోతాయి కాబట్టి చాలా స్విచ్చులు వాటిని స్నూపింగ్ ఉన్నా అన్ని పోర్టులకూ పంపుతాయి.

ప్యాకెట్లు రావడం మొదలయ్యాక, వచ్చినవి సరైనవో కావో చూడడం కష్టం కాదు. ట్రాన్స్‌పోర్ట్ స్ట్రీమ్‌లో, అంటే ఛానల్ బొమ్మనూ శబ్దాన్నీ ముక్కలుగా మోసే రూపంలో, ఒక్కో ముక్క 188 బైట్లు, యూడీపీ ప్యాకెట్‌లో సాధారణంగా ఏడు ముక్కలు, మొత్తం 1316 బైట్లు. ప్రతి ముక్క మొదటి బైటు దశాంశంలో 71 ఉండాలి. మీకు 1328 బైట్లు వస్తుంటే ముందు 12 బైట్ల ఆర్‌టీపీ అనే ప్రోటోకాల్ హెడరు ఉన్నట్టు, దాన్ని దాటేసి చదవండి. ముక్కలోని నాలుగో బైటు చివరి నాలుగు బిట్లు 0 నుంచి 15 దాకా తిరిగే వరుస సంఖ్య. ఒక్కో పీఐడీకి (ముక్క ఏ ధారకు చెందిందో చెప్పే సంఖ్యకు) విడిగా ఆ సంఖ్యను గుర్తుంచుకుని, పేలోడ్ (అసలు డేటా) ఉన్న ముక్కల్లో అది ఒక్కొక్కటిగా పెరుగుతోందో లేదో చూస్తే ఎక్కడ ప్యాకెట్లు పోయాయో తెలుస్తుంది. 8191 పీఐడీ ఉన్న ఖాళీ ముక్కలను లెక్కలోకి తీసుకోకండి. ప్యాకెట్లు రావడం ఒక్కటే చూసే స్క్రిప్టు కన్నా ఇది ఎంతో నమ్మదగినది, ఎందుకంటే బొమ్మ గళ్లుగళ్లుగా విరిగిపోతున్నప్పుడు కూడా ప్యాకెట్లు వస్తూనే ఉంటాయి.

లెక్కల్లో పోయినట్టు తేలితే తప్పు నెట్‌వర్క్‌దేనని వెంటనే అనకండి. 8 మెగాబిట్ల ఛానల్ అంటే సెకనుకు దాదాపు 760 ప్యాకెట్లు. చాలా లినక్స్ సర్వర్లలో సాకెట్ బఫరు (ప్యాకెట్లు చదివేదాకా నిలిచే చోటు) 212992 బైట్లు. డేటా ఒక్కటే లెక్కేసినా అందులో పట్టేది 161 ప్యాకెట్లు, అంటే సెకనులో ఐదో వంతు. కెర్నెల్ తన నిర్వహణ ఖర్చునూ అందులోనే కలుపుతుంది కనుక నిజానికి అంతకన్నా తక్కువ. మీ స్క్రిప్టు డిస్కు మీద లాగ్ రాస్తూ ఆ కాస్సేపు ఆలస్యం చేసినా ప్యాకెట్లు పొర్లిపోతాయి. ఎస్‌ఓ ఆర్‌సీవీబఫ్‌ను 4 మెగాబైట్లు చేయండి, దానికి ముందు ఆర్‌మెమ్ మ్యాక్స్ పరిమితిని కూడా పెంచండి, లేకపోతే కెర్నెల్ మీ కోరికను పరిమితి దగ్గరే ఆపి ఏమీ జరగనట్టు ఊరుకుంటుంది. తరువాత గెట్‌సాక్‌ఆప్ట్‌తో చదివి చూసుకోండి. లినక్స్ రెట్టింపు సంఖ్య చూపుతుంది, అది సహజమే. ప్రోక్ కింద నెట్ డైరెక్టరీలోని యూడీపీ ఫైలులో, మీ సాకెట్ వరుస చివర ఉండే డ్రాప్స్ సంఖ్య పెరుగుతుంటే పోగొట్టినది మన సర్వరే, స్విచ్చు కాదు.

స్క్రిప్టును డాకర్‌లో (ప్రోగ్రామును విడి పెట్టెలో నడిపే ఏర్పాటులో) పెట్టే ఆలోచన ఉంటే హోస్ట్ నెట్‌వర్క్ విధానంలోనే నడపండి, మామూలు బ్రిడ్జి విధానంలో మల్టీకాస్ట్ లోపలికి చేరదు. ల్యాప్‌టాప్‌లో వైఫై మీద పరీక్షించి ఫలితాన్ని నమ్మకండి. వైఫైలో మల్టీకాస్ట్ ఫ్రేములకు అందినట్టు రసీదు ఉండదు, పోయినవి మళ్లీ పంపడమూ ఉండదు.

ముందుగా చేరికలో కార్డు చిరునామాను సరిచేయండి, తరువాత 172.16.5.0కు రూటు రాయండి, స్క్రిప్టును పది నిమిషాలు ఆపకుండా నడపండి. అయినా ఫలితం లేకపోతే, స్క్రిప్టు నడుస్తుండగా తీసిన ఐపీ ఎమ్‌యాడర్ జాబితా, రూటింగ్ పట్టిక, రెండు కార్డులకూ ఆల్‌కూ ఉన్న ఆర్‌పీ ఫిల్టర్ విలువలు ఇక్కడ రాయండి. ఆ మూడూ చూస్తే ప్యాకెట్ ఎక్కడ ఆగుతోందో చెప్పగలను.